అందరూ వద్దన్నా పౌలు యెరూషలేముకు ఎందుకు వెళ్లాడు?

రూతు_ఒంగోలు
సోమవారం, రాత్రి 9:12

అందరికీ వందనాలు. మా సంఘంలో సండే స్కూల్ పెద్ద పిల్లలకు నేను పాఠం చెప్తాను. నిన్న బైబిల్లోని అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం చెప్తుంటే తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకటి అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేక, వచ్చే ఆదివారం చెప్తానన్నాను.

సందర్భం మీకు తెలిసిందే. యేసు గురించి ఊరూరా ప్రకటించే పౌలు ఓడలో తూరు చేరి అక్కడి విశ్వాసులతో ఏడు రోజులు ఉన్నాడు. నాలుగో వచనంలో వాళ్లు "యెరూషలేములో కాలు పెట్టవద్దని ఆత్మద్వారా" అతనితో చెప్పారని ఉంది. తర్వాత కైసరయలో ఫిలిప్పు ఇంట్లో ఉండగా అగబు అనే ప్రవక్త వచ్చి, పౌలు నడికట్టు తీసుకుని తన కాళ్లూ చేతులూ కట్టుకుని, ఈ నడికట్టు గలవాణ్ని యెరూషలేములో ఇలాగే బంధిస్తారని చెప్పాడు. అందరూ ఏడ్చారు, బతిమాలారు. పౌలు వినలేదు. బంధించబడటానికే కాదు, "చనిపోవుటకును సిద్ధముగా ఉన్నాను" అన్నాడు.

ఆ పిల్ల అడిగింది ఇది: "టీచర్, ఆత్మ ద్వారానే వద్దని చెప్తే, వెళ్లడం మాట వినకపోవడం కాదా? దెబ్బలు తినడం ఆయనకు ఇష్టమా?"

రెండో ప్రశ్న విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. శ్రమలకు సిద్ధపడటం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను కానీ, పౌలు ఎందుకు సిద్ధపడ్డాడని ఎప్పుడూ ఆలోచించలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.


పాస్టర్_జాన్‌బాబు
సోమవారం, రాత్రి 10:05

వందనాలు అమ్మా. మంచి ప్రశ్న. ఆ పాపను మెచ్చుకున్నానని చెప్పండి.

మొదటి ప్రశ్నకు నా జవాబు. 21వ అధ్యాయం ఒక్కటే చదివితే పౌలు మాట విననట్టే ఉంటుంది. ఒక అధ్యాయం వెనక్కి వెళ్లండి. మిలేతులో ఎఫెసు సంఘ పెద్దలను పిలిపించి మాట్లాడినప్పుడు, తాను ఆత్మయందు బంధింపబడినవాడనై వెళ్తున్నానని పౌలే చెప్పాడు. బంధకాలు, శ్రమలు కాచుకుని ఉన్నాయని ప్రతి పట్టణంలోనూ ఆత్మ తనకు చెబుతోందని కూడా అన్నాడు. అంటే అగబు చెప్పింది అతనికి కొత్త వార్త కాదు. జరగబోయేది ఆత్మ చూపించింది. చూసినవాళ్లు ప్రేమ కొద్దీ 'అయితే వెళ్లకు' అన్నారు. అగబు మాటలు జాగ్రత్తగా చదవండి, బంధిస్తారన్నాడే గాని వెళ్లొద్దని ఎక్కడా అనలేదు. ఆ బతిమాలుకోవడం తర్వాత మొదలైంది.

తూరు వచనం మాత్రం కష్టమైనదే. అది పౌలు పొరపాటే అనే వ్యాఖ్యాతలూ ఉన్నారు. నాకు అలా అనిపించదు. పౌలును పిలిచినప్పుడే దమస్కులో అననీయ అనే శిష్యుడికి ప్రభువు చెప్పాడు, నా నామం కోసం ఇతను ఎన్ని శ్రమలు అనుభవించాలో అతనికి చూపిస్తాను అని. పౌలు పిలుపులోనే అది ఉంది.

రెండో ప్రశ్నకు మాత్రం గట్టిగా 'కాదు' అంటాను. దమస్కులో అరెత రాజు అధికారి పట్టణానికి కాపలా పెట్టి పట్టుకోవాలని చూస్తే, గోడ మీద నుంచి గంపలో దిగి తప్పించుకున్నాడు. ఈకొనియలో రాళ్లతో కొట్టబోతున్నారని తెలిసి లుస్త్రకు పారిపోయాడు. దెబ్బలంటే ఇష్టమున్నవాడు గంపలో కూర్చోడు కదమ్మా.


బేతనియ_కుటీరం
సోమవారం, రాత్రి 10:31

అయ్యగారూ, గంప సంగతి మీరన్నాక మళ్లీ చూశాను. 2 కొరింథీయులు 11లో తన శ్రమల పట్టీ అంతా చెప్పి, చివరికి ఆ గంపతో ముగించాడు. అన్నేళ్ల తర్వాత కూడా, పారిపోయిన రోజును దాచకుండా రాశాడు.


సందేహి_82
మంగళవారం, ఉదయం 7:48

నమస్తే. నేను క్రైస్తవుణ్ని కాదు, చరిత్ర మీద ఆసక్తితో ఇక్కడికి వస్తుంటాను. ఒక మాట అడగనివ్వండి, ఎవరి మనసూ నొప్పించాలని కాదు.

ఆ పట్టీ నేనూ చదివాను. అయిదుసార్లు ఒకటి తక్కువ నలభై దెబ్బలు, మూడుసార్లు బెత్తాలతో, ఒకసారి రాళ్లతో, మూడుసార్లు ఓడ పగలడం. అయిదు ముప్పై తొమ్మిదులు 195. ఒక మనిషి ఒంటి మీద 195 కొరడా దెబ్బలు! ఒకటి రెండుసార్లు జరిగితే దురదృష్టం అనొచ్చు. అయిదుసార్లు ఒకే శిక్ష పడిందంటే అతనే మళ్లీ మళ్లీ అక్కడికి వెళ్లినట్టు కదా? ఆ పాప ప్రశ్నను అంత తేలిగ్గా కొట్టేయకూడదనిపిస్తోంది. పైగా ఈ లెక్క నిజమని ఎలా నమ్మాలి? అపొస్తలుల కార్యములలో ఆ అయిదింటిలో ఒక్కటీ కనబడదు.


చరిత్ర_విద్యార్థి
మంగళవారం, మధ్యాహ్నం 1:20

సందేహి గారూ, మీరు అడిగిన చోటే అసలు విషయం ఉంది. వివరంగా రాస్తాను.

ముందు నమ్మకం సంగతి. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక పౌలుదేనని, విశ్వాసం లేని పరిశోధకులు కూడా ఒప్పుకుంటారు. సుమారు క్రీ.శ. 55, 56 ప్రాంతంలో రాసింది. కొరింథులో పౌలును విచారణకు ఎవరి ముందుకు తెచ్చారో ఆ గల్లియోను అనే రోమా అధికారి పేరు గ్రీసులోని డెల్ఫీలో దొరికిన శాసనంలో ఉంది. దాన్ని బట్టి అతను అక్కడ అధికారంలో ఉన్నది 51, 52 ప్రాంతమని తేలింది, పౌలు కాలం లెక్కలు చాలావరకు దాని మీదే నిలబడ్డాయి. కాబట్టి ఈ పట్టీ ఎవరో తర్వాత అల్లిన కథ కాదు, దెబ్బలు తిన్న మనిషి తన గురించి తానే రాసుకున్నది. అదీ ఇష్టం లేకుండా రాశాడు. కొరింథులో కొందరు తామే గొప్ప అపొస్తలులమని చెప్పుకుంటుంటే, వెర్రివాడిలా మాట్లాడుతున్నానని ముందే చెప్పుకుని రాశాడు. ఇంకో సంగతి గమనించండి. ఇది రాసేనాటికి మెలితే ద్వీపం దగ్గర ఓడ పగలడం ఇంకా జరగలేదు. అంటే అది నాలుగోది. అపొస్తలుల కార్యములు రాసిన లూకా రాయనివి చాలా జరిగాయి.

ఇప్పుడు 39 సంగతి. ద్వితీయోపదేశకాండం 25లో నలభై దెబ్బలకు మించకూడదని ఉంది. లెక్క తప్పి ఎక్కడ దాటుతుందో అని ఒకటి తగ్గించేవారని అంటారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదుల ధర్మ నియమాల గ్రంథంలో ఈ శిక్ష పద్ధతి ఉంది. తోలు పట్టీతో, మూడో వంతు ఛాతీ మీద, మిగతా రెండు వంతులు వీపు మీద. ఆ మనిషి ఎన్ని తట్టుకోగలడో ముందు అంచనా వేయాలి కూడా.

అసలు మాట ఇది. ఈ శిక్ష సమాజమందిరం, అంటే యూదుల ప్రార్థనా మందిరం, తన వాళ్లకు వేసుకునేది. బయటివాడికి వేయరు. పౌలు పుట్టుకతో రోమా పౌరుడు. 'నాకు మీతో సంబంధం లేదు, నేను అన్యజనుల (యూదులు కానివాళ్ల) దగ్గరకు వెళ్తున్నాను' అని ఒక్కమాట అని తలుపు దాటి వెళ్లిపోతే ఆ 195 దెబ్బల్లో ఒక్కటీ పడేది కాదు. అతను దాటలేదు. ప్రతి ఊళ్లోనూ ముందు సమాజమందిరానికే వెళ్లాడు. అక్కడివాడిగా ఉండాలంటే అక్కడి శిక్షకు వీపు చూపించాలి, చూపించాడు. తన సొంత జనం కోసం తాను శాపగ్రస్తుణ్నైనా సరే అని రోమా 9లో రాశాడే, ఆ వాక్యాన్ని ఈ లెక్క పక్కన పెట్టి చదవండి. మీరన్నది నిజం, అతనే మళ్లీ మళ్లీ వెళ్లాడు. వెళ్లింది దెబ్బల కోసం కాదు, ఆ మనుషుల కోసం.

ఒకటి మర్చిపోకూడదు. సమాజమందిరాల్లో విశ్వాసులను కొట్టించింది ఒకప్పుడు ఇతనే. అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయంలో తన నోటితోనే చెప్పుకున్నాడు. విశ్వాసి అయిన స్తెఫనును రాళ్లతో కొట్టి చంపినవాళ్లు తమ పైబట్టలు పెట్టింది ఇతని పాదాల దగ్గరే. ఆ దెబ్బ ఎలా పడుతుందో కొట్టించేవాడి వైపు నుంచి ముందే చూసినవాడు.


మేరీ_స్టాఫ్‌నర్స్
మంగళవారం, రాత్రి 11:40

నైట్ డ్యూటీకి వెళ్లే ముందు రాస్తున్నాను. పురుషోత్తములంతా లెక్కలూ శాసనాలూ చెప్పారు, నేను గాయాల గురించి చెప్తాను. సర్జికల్ వార్డులో పద్దెనిమిదేళ్లు పని చేశాను.

ఒకసారి ముప్పై తొమ్మిది దెబ్బలు పడ్డ వీపు మానుతుంది, కానీ ముందులా మానదు. మచ్చ పడ్డ చర్మం బిగుసుకుంటుంది, సాగదు. దాని మీదే మళ్లీ దెబ్బ పడితే మొదటిసారి కంటే తేలిగ్గా చిట్లుతుంది. అయిదోసారి పడినప్పుడు ఆ వీపు ఎలా ఉండి ఉంటుందో నాకు కళ్లకు కడుతోంది. యేసు ముద్రలు నా శరీరమందు ధరించియున్నానని గలతీయులకు రాసింది ఉట్టి అలంకారం కాదు. చొక్కా విప్పితే కనబడేవే.

లుస్త్ర గురించి. ముందు పౌలును, అతని తోటి సేవకుడు బర్నబాను దేవుళ్లనుకుని బర్నబాకు ద్యుపతి అని, పౌలుకు హెర్మే అని పేరు పెట్టి ఎద్దుల్ని బలివ్వబోయారు. తర్వాత అదే ఊళ్లో రాళ్లతో కొట్టి, చచ్చాడనుకుని ఊరి బయటకు ఈడ్చేశారు. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పిన పేషెంటును మేం కనీసం ఒక రోజు కదలనివ్వం, గంటగంటకూ లేపి చూస్తాం. ఆయన లేచి మళ్లీ అదే ఊళ్లోకి వెళ్లాడు. మర్నాడు దెర్బేకు బయలుదేరాడు. దెర్బే ఒక్క రోజు నడకలో వచ్చే ఊరు కాదు. ఆ దారిలో ఆయన్ని ఎవరు పట్టుకుని నడిపించారో అనుకుంటాను ఎప్పుడూ. బర్నబాయే అయ్యుండాలి.

ఇంకా ఫిలిప్పీ. మన బైబిల్లో బెత్తములు అని ఉండేసరికి బడిలో మాస్టారి బెత్తం గుర్తొస్తుంది. అది కాదు. రోమా అధికారుల ముందు నడిచే భటులు కట్టగా కట్టి మోసే కర్రలు. బట్టలు లాగేసి చాలా దెబ్బలు కొట్టి, లోపలి చెరసాలలో వేసి, కాళ్లకు బొండ (కాళ్లు కదలకుండా పట్టే కొయ్య) వేసి బిగించారు. అర్ధరాత్రి పౌలూ, అతని సహచరుడు సీలా పాటలు పాడారని మనం చెప్పుకుంటాం. నాకైతే అది మొదట అర్థమైంది వార్డులోనే. వీపంతా పచ్చిపుండైతే వెల్లకిలా పడుకోలేరు. కాళ్లు బొండలో ఉంటే పక్కకు తిరగలేరు. వాళ్లకు నిద్ర ఎక్కడిది? నొప్పితో రాత్రంతా మేలుకుని ఉండే మనుషుల్ని నేను రోజూ చూస్తాను. మూలుగుతారు, అమ్మా అంటారు, గోడకేసి చూస్తుంటారు. ఒక్కొక్కరు మెల్లగా పాడుకుంటారు కూడా, వాళ్లది ఏ మతమైనా. ఆ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నొప్పి లేక పాడరు ఎవరూ.

చెరసాల నాయకుడు ఆ రాత్రే వాళ్ల గాయాలు కడిగాడని అపొస్తలుల కార్యములు 16:33లో ఉంది. తర్వాతే బాప్తిస్మం. నాకు ఎంతో ఇష్టమైన వచనం అది.


సందేహి_82
బుధవారం, ఉదయం 8:15

చరిత్ర విద్యార్థి గారూ, మేరీ గారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. తన జనంలో ఒకడిగా ఉండటానికి ఇచ్చిన మూల్యం అన్న కోణం నాకు కొత్త. నిన్నంతా అదే ఆలోచించాను.

కానీ ఒకటి అర్థం కాలేదు. రోమా పౌరుణ్ని విచారణ లేకుండా కొట్టకూడదు కదా. యెరూషలేములో కొరడాలతో కొట్టడానికి కట్టేస్తుంటే వెంటనే ఆ సంగతి చెప్పి తప్పించుకున్నాడు. మరి ఫిలిప్పీలో దెబ్బలన్నీ తిన్నాక, మర్నాడు పొద్దున ఎందుకు చెప్పాడు? ముందే చెప్తే సరిపోయేది.


చరిత్ర_విద్యార్థి
బుధవారం, మధ్యాహ్నం 12:50

దీనికి రెండు జవాబులు చెప్తారు, నాకు రెండూ కొంత కొంత నిజమే అనిపిస్తాయి.

మొదటిది, చెప్పినా వినేవాళ్లు లేకపోయి ఉండొచ్చు. సంతవీధిలో జనం మీద పడ్డారు, అధికారులే బట్టలు లాగేయించారు. ఆ గోలలో 'నేను రోమీయుణ్ని' అంటే ఎవడు నమ్ముతాడు? పౌలు కంటే వందేళ్లకు పైగా ముందు సిసిలీలో వెర్రెస్ అనే గవర్నరు గావియస్ అనే రోమా పౌరుణ్ని మెస్సానా సంతవీధిలో కొట్టించాడు. దెబ్బదెబ్బకూ అతను నేను రోమా పౌరుణ్నని అరుస్తూనే ఉన్నాడు. చివరికి సిలువ వేయించాడు. క్రీ.పూ. 70లో రోమా న్యాయవాది సిసిరో వేసిన కేసు వల్ల అది బయటికొచ్చింది. చట్టం ఉండటం వేరు, చట్టం వినబడటం వేరు.

రెండోది, పౌలు పక్కన కొత్తగా నమ్మినవాళ్లు ఉన్నారు. ఊదారంగు పొడి అమ్మే లూదియ, ఆమె ఇంటివాళ్లు. వాళ్లందరికీ రోమా పౌరసత్వం ఉందా? గురువు కాగితం చూపించి తప్పించుకుంటే, రేపు కాగితం లేని శిష్యులు ఏ మొహంతో నిలబడతారు? ఇది నా ఊహే, వాక్యంలో లేదు. కానీ తెల్లారాక ఏం చేశాడో చూడండి. రహస్యంగా వెళ్లిపొమ్మంటే వెళ్లలేదు, అధికారులే వచ్చి తీసుకెళ్లాలన్నాడు. వాళ్లు భయపడి వచ్చి బతిమాలారు. అక్కడి నుంచి నేరుగా లూదియ ఇంటికి వెళ్లాడు. ఇక ఆ ఊళ్లో ఆ ఇంటి జోలికి వెళ్లాలంటే అధికారులు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. తన వీపు కాపాడుకోవడానికి వాడని హక్కును వాళ్ల కోసం వాడాడు.

యెరూషలేములో మాత్రం ఆ కొరడా వేరు. రోమా సైనికులు విచారణ కోసం వాడే కొరడాతో మనుషులు చనిపోయేవారు, బతికినా అవిటివాళ్లయ్యేవారు. ఇంకా రోముకు వెళ్లాల్సిన పని ఉంది. అక్కడ నోరు విప్పాడు.


సుగుణమ్మ_తెనాలి
బుధవారం, సాయంత్రం 6:30

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. మా మనవరాలు టైపు చేసి పెడుతోంది.

మీరందరూ పౌలు గురించి చెప్తున్నారు. కైసరయలో ఆ ఇంట్లో ఏడ్చినవాళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. మా రెండోవాడు పదకొండేళ్ల కిందట కొండ ఊళ్లలో సేవకు వెళ్తానన్నాడు. మలేరియా ఊళ్లు, రోడ్డు లేదు. నేను వద్దన్నాను. అన్నం మానేశాను. మా ఆయన పోయి అప్పటికి ఏడాదే అయింది. వాడు ఏం మాట్లాడలేదు, నా మంచం పక్కన కింద కూర్చున్నాడు. అప్పుడు మా అయ్యగారు ఈ అధ్యాయమే చదివారు. "మీరు ఏడ్చి నా గుండె బద్దలు చేసెదరెందుకు" అన్న మాట దగ్గర నాకు దుఃఖం ఆగలేదు. అప్పటిదాకా పౌలు అంటే రాయిలాంటి మనిషి అనుకునేదాన్ని. రాయికి గుండె బద్దలవ్వదు కదా. వాళ్ల ఏడుపు చూసి ఆయనకూ కష్టంగానే ఉంది. అయినా వెళ్లాడు.

ఇంకోటి. రాసిన లూకా 'వాళ్లు బతిమాలారు' అనలేదు. 'మేమును' అన్నాడు. లూకా కూడా వద్దన్నవాళ్లలో ఉన్నాడు. వద్దని చెప్పి, ఆయన వెంటే వెళ్లాడు.

మావాడు అక్కడే ఉన్నాడు. రెండుసార్లు జ్వరం వచ్చి చావు దాకా వెళ్లొచ్చాడు. నాకు ఈ రోజుకీ ఫోన్ మోగితే టెన్షనే. ప్రభువు చిత్తం జరుగును గాక అని వాళ్లు ఊరకున్నారని రాసి ఉంది. ఊరకోవడం అంత తేలిక కాదమ్మా.


బేతనియ_కుటీరం
బుధవారం, సాయంత్రం 6:58

సుగుణమ్మ గారూ, మీ అబ్బాయి కోసం ఈ రాత్రి మా ఇంట్లో ప్రార్థన చేస్తాం.


ట్రెజరర్_ప్రసాద్
బుధవారం, రాత్రి 9:45

రూతు గారి మొదటి ప్రశ్నకు ఇంకా పూర్తి జవాబు రాలేదనిపించి రాస్తున్నాను. ఎందుకు వెళ్లాడు? అక్కడ అంత తప్పనిసరి పనేంటి? నేను మా సంఘంలో కానుకల లెక్కలు చూసేవాణ్ని కాబట్టి నా కన్ను అక్కడే పడుతుంది. అతని దగ్గర డబ్బుంది.

యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పౌలు కొన్నేళ్లుగా చందా పోగు చేస్తున్నాడు. ఆదివారం ఆదివారం ఎవరికి తోచింది వాళ్లు పక్కన పెట్టమని 1 కొరింథీయులు 16లో చెప్పాడు. మాసిదోనియ సంఘాలు తామే పేదరికంలో ఉండి శక్తికి మించి ఇచ్చాయని రెండో పత్రిక 8లో ఉంది. ఆ అధ్యాయంలోనే, ఇంత ధర్మం విషయంలో మా మీద ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్త పడుతున్నాం అన్నాడు. డబ్బు మోసేవాడికి ఆ వాక్యం విలువ తెలుస్తుంది. అపొస్తలుల కార్యములు 20:4లో అతనితో బయలుదేరినవాళ్ల పేర్లు చూడండి. బెరయ నుంచి ఒకరు, థెస్సలొనీక నుంచి ఇద్దరు, దెర్బే నుంచి ఒకరు, తిమోతి, ఆసియ నుంచి ఇద్దరు. ఊరూరి నుంచి మనిషి ఉన్నాడు. ఎవరి సంఘం కానుకకు వాళ్లు సాక్షులని నా నమ్మకం.

రోమా పత్రిక 15 చివర్లో తన ప్లాన్ మొత్తం రాశాడు. కొరింథు దగ్గర ఉన్నాడు. వెళ్లాలనుకున్నది రోముకు, అక్కడి నుంచి స్పెయిన్‌కు. అదంతా పడమర. కానీ ముందు తూర్పుకు తిరిగి యెరూషలేముకు వెళ్లి ఈ కానుక ఇచ్చి వస్తానన్నాడు. అక్కడే రెండు విషయాల కోసం ప్రార్థించమని వేడుకున్నాడు: యూదయలోని అవిధేయుల చేతిలో నుంచి తప్పించబడాలని, ఈ కానుక అక్కడి పరిశుద్ధులకు ప్రీతికరం కావాలని. ఆ రెండోది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇచ్చే డబ్బు తీసుకుంటారో లేదో అని భయం! అన్యజనుల చేతి డబ్బును యెరూషలేము సంఘం తీసుకుంటే, వీళ్లూ వాళ్లూ ఒకే కుటుంబమని ఒప్పుకున్నట్టు. తీసుకోకపోతే అతని జీవితకాలం కష్టం రెండు ముక్కలవుతుంది. అది వేరేవాళ్ల చేతికిచ్చి పంపే పని కాదు.

తూరులో ఎవరో చెప్పకముందే, అగబు రాకముందే, ప్రమాదం ఎంతో తెలిసి ఆ ఉత్తరం రాశాడు. చావడానికి వెళ్లలేదు. బతికి బయటపడేలా ప్రార్థించండని అడిగి మరీ వెళ్లాడు.


రూతు_ఒంగోలు
బుధవారం, రాత్రి 10:20

ప్రసాద్ గారూ, ఇన్నేళ్లుగా ఈ రెండూ వేరు వేరుగా చదివాను, పత్రిక పత్రికే, కార్యములు కార్యములే అన్నట్టు. ఇప్పుడు కలిపి చదువుతున్నాను. కానుక తీసుకున్నారా మరి?


ట్రెజరర్_ప్రసాద్
బుధవారం, రాత్రి 10:34

లూకా సూటిగా రాయలేదండీ. సహోదరులు సంతోషంతో చేర్చుకున్నారని ఉంది. తర్వాత విచారణలో రోమా గవర్నరు ఫేలిక్సు ముందు మాత్రం, నా జనానికి దానధర్మాలు తెచ్చానని పౌలు ఒక్కమాట అన్నాడు. అంతే.


దుబాయ్_దానియేలు
గురువారం, ఉదయం 10:10

ఈ థ్రెడ్ ఇవాళే చూశాను. యెరూషలేములో గొడవ ఎందుకు రేగిందో దానికి సంబంధించిన రాయిని నేను కళ్లారా చూశాను, అందుకే రాయాలనిపించింది.

దేవాలయంలో అన్యజనులు ఒక హద్దు వరకే రావచ్చు. ఆ హద్దు దగ్గర గ్రీకులో చెక్కిన హెచ్చరిక రాళ్లు ఉండేవి. పరాయి జాతివాడు ఎవడూ ఈ అడ్డు దాటి లోపలికి రాకూడదు, పట్టుబడితే తన చావుకు తానే బాధ్యుడు అని వాటి సారాంశం. వాటిలో ఒకటి పూర్తిగా 1871లో దొరికింది. ఇప్పుడు ఇస్తాంబుల్ పురావస్తు మ్యూజియంలో ఉంది. దాని ముందు నిలబడితే అక్షరాలు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. నేను అక్కడ చాలాసేపు ఉండిపోయాను.

ఎఫెసువాడైన త్రోఫిమును పౌలుతో పట్టణంలో చూసినవాళ్లు, అతన్ని పౌలు దేవాలయంలోకి తెచ్చాడనుకున్నారు. తేలేదు. ఆ ఊహ మీదే పట్టణమంతా కదిలి, పౌలును బయటకు ఈడ్చి కొట్టి చంపబోయారు. కోట నుంచి సైనికులు దిగి రాకపోతే అయిపోయేది. ఆ మెట్ల మీద నిలబడి, అంతసేపూ తనను కొడుతున్న జనంతోనే మాట్లాడనివ్వమని అడిగాడు. ఇంత సౌండు చేసే గుంపుతో ఏం మాట్లాడతావు అనిపిస్తుంది మనకు. హెబ్రీ భాషలో మొదలుపెట్టగానే వాళ్లు నిశ్శబ్దంగా విన్నారు. తనను కొట్టినవాళ్లను 'సహోదరులారా, తండ్రులారా' అని పిలిచాడు.

చరిత్ర విద్యార్థి గారు 39 దెబ్బల గురించి రాసింది చదివాక ఆ పిలుపు నాకు ఇప్పుడు వేరేగా వినబడుతోంది.


సందేహి_82
గురువారం, మధ్యాహ్నం 2:05

చివరిగా ఒకటి. బాధ పడటానికి సిద్ధపడ్డాడు కాబట్టి అతను నమ్మింది నిజం, అని చాలామంది వాదిస్తారు. నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు. ప్రతి మతంలోనూ, మతం లేని ఉద్యమాల్లోనూ ప్రాణాలిచ్చినవాళ్లున్నారు. అందరూ నమ్మినవీ నిజాలు కాలేవు కదా. దీనికి మీరేమంటారో వినాలనుంది.


పాస్టర్_జాన్‌బాబు
గురువారం, రాత్రి 8:40

మీరన్నది సరైన మాటే బాబూ. నేను మీతో వాదించను. బాధపడినంత మాత్రాన నమ్మింది నిజమైపోదు. స్తెఫనును చంపడానికి సమ్మతించిన రోజు కూడా పౌలు తాను దేవుని పని చేస్తున్నాననే నమ్మాడు, అదే నిప్పుతో.

ఈ మాట పౌలే ముందు అన్నాడు. 1 కొరింథీయులు 13లో, కాల్చబడటానికి నా శరీరాన్ని అప్పగించినా ప్రేమ లేకపోతే నాకు ప్రయోజనం లేదు అని. అంత శ్రమపడ్డవాడు శ్రమను దాని మట్టుకు అది సున్నా అని రాశాడు. నేను పౌలు శ్రమల వైపు చూసేది రుజువు కోసం కాదు. అతను ఎవరి కోసం పడ్డాడో చూడటానికి. లుస్త్రలో రాళ్లు తిన్నాక దెర్బే దాకా వచ్చాడు కదా. అక్కడి నుంచి ఇంకా తూర్పుకు వెళ్లి కిలికియ కనుమ దాటితే సొంత ఊరు తార్సు. ఇంటికి పోయి గాయాలు మాన్పుకోవచ్చు. వెనక్కి తిరిగి మళ్లీ లుస్త్రకు, ఈకొనియకు, అంతియొకయకు వెళ్లాడు. నిన్నగాక మొన్న నమ్మిన కొద్దిమంది అక్కడ ఒంటరిగా ఉన్నారని. ఆ లుస్త్ర నుంచే తర్వాత తిమోతి వచ్చాడు.

మీరు మాతో నమ్మకపోయినా ఇంత శ్రద్ధగా చదివారు. అందుకు నా వందనాలు.


సందేహి_82
గురువారం, రాత్రి 9:02

13వ అధ్యాయం పెళ్లి కార్డుల మీద తప్ప చదవలేదు. ఇప్పుడు చదువుతాను. ధన్యవాదాలు.


రూతు_ఒంగోలు
ఆదివారం, మధ్యాహ్నం 3:30

ఇప్పుడే సండే స్కూల్ నుంచి వచ్చాను. అందరికీ చెప్పాలని నేరుగా ఇక్కడికొచ్చాను.

ఈ రోజు పాఠం చెప్పలేదు, మ్యాప్ పరిచి కూర్చున్నాం. పిల్లలతో కొరింథు మీద వేలు పెట్టించి, రోము ఎటుందో, యెరూషలేము ఎటుందో చూపించమన్నాను. కానుక సంచి సంగతి చెప్పాను. మేరీ గారూ, మీరు రాసిన బొండ సంగతి చెప్తే ఒక అబ్బాయి నేల మీద కాళ్లు బారజాపి కూర్చుని, పక్కకు తిరగడానికి చూశాడు. తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. సుగుణమ్మ గారూ, మీ పేరు చెప్పకుండా మీ మాట చెప్పాను. 'లూకా కూడా వద్దన్నాడా' అని ఇద్దరు ముగ్గురు బైబిల్ తీసి చూసుకున్నారు.

ప్రశ్న అడిగిన అమ్మాయి అంతా విని, "అయితే దెబ్బలు ఇష్టం కాదు, వాళ్లంటే ఇష్టం" అంది. నేను అవునన్నాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను. బయటకు వెళ్తూ వెనక్కొచ్చి ఇంకోటి అడిగింది: "టీచర్, మరి ఆ త్రోఫిము ఏమయ్యాడు? తన వల్లే పౌలును కొట్టారని ఎంత ఏడ్చి ఉంటాడు?"

నాకు తెలియలేదు. ఎవరికైనా తెలుసా?


చరిత్ర_విద్యార్థి
ఆదివారం, సాయంత్రం 4:12

ఉందండీ, ఒకే ఒక్క వాక్యం. తిమోతికి రాసిన రెండో పత్రిక, చివరి అధ్యాయం. ఆ పత్రిక ఎవరు రాశారన్న దాని మీద పరిశోధకుల్లో వాదన ఉంది, సంఘం మాత్రం మొదటి నుంచీ పౌలు చివరి ఉత్తరంగానే చదువుతోంది. చెరలో ఉన్నాడు, చలికాలం వస్తోంది, త్రోయలో వదిలేసిన అంగీ తెచ్చిపెట్టమని అడుగుతున్నాడు. తన పరుగు కడముట్టించానని అప్పటికే రాసేశాడు. పౌలు శిరచ్ఛేదం రోములో, నీరో కాలంలో జరిగిందని సంఘ సంప్రదాయం.

ఆ అధ్యాయం 20వ వచనం చూడండి. త్రోఫిముకు జబ్బు చేస్తే అతన్ని మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి చెబుతున్నాడు. అంటే ఆ గొడవ తర్వాత కూడా త్రోఫిము అతన్ని వదల్లేదు. జబ్బుపడి ఆగిపోయేదాకా పౌలు వెంటే ఉన్నాడు.


రూతు_ఒంగోలు
ఆదివారం, సాయంత్రం 4:20

ఆ పాప వాళ్ల అమ్మగారికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.